గోధుమ సోకని దిబ్బరొట్టె

ఇంట ఒకరికి గోధుమ పడదని వైద్యుడు తేల్చి చెప్పిన మరునాటినుండి ఆ ఇంటి ఇల్లాలికి తెల్లవారుట యనగానే దిగులు. మధ్యాహ్నమునకు అన్నము కలదు. రాత్రికిని అన్నము కలదు. చిక్కంతయు ఉదయపు పలహారముతోనే. ఉప్మా పనికిరాదు, బొంబాయి రవ్వ గోధుమయే. పూరీ, చపాతీ సరేసరి. బ్రెడ్డు ముట్టరాదు, బిస్కత్తు ముట్టరాదు, సేమ్యా ముట్టరాదు. ఇడ్లీలు, అట్లు కలవుగదా యని పెద్దలు ధైర్యము చెప్పుదురు. నిజమే. కాని ఏడెనిమిదేండ్ల పిల్లవాడు ఏడాది పొడవున ఇడ్లీనే తినుచు, పక్కింటి పిల్లలు తిను కేకు వంక చూచుచు కూర్చుండునా?

ఈ విషయమును గూర్చి మాకు జాబులు వచ్చుచున్నవి. విద్యుత్తుతో పనిచేయు చిన్న ఓవెనులు ఇపుడు పెక్కు ఇండ్లలో కలవు గనుక, పాశ్చాత్యులు ఓవెనులో కాల్చు మందపాటి అట్టును గోధుమ లేకుండ చేయు విధమును తెలుపుడని కొందరు సోదరీమణులు అడిగిరి. ఆ విధము చెప్పుదుము. కాని దానికంటె రుచియైనదియు, మన పిండికి, మన పొయ్యికి తగినదియు అగు దిబ్బరొట్టె మన యింటనే ఉన్నది. అది క్రిందను పైనను నిప్పులు పెట్టి కాల్చు వంటకము. ఓవెను చేయు పనియు అదియే కదా!

ముందుగ వ్యాధిని గూర్చి కొంత చెప్పవలసియున్నది. ఏలయన దాని స్వభావము తెలియనిచో వంటలో జాగ్రత్త కుదరదు. దీనిని సీలియాక్ వ్యాధి యందురు. గోధుమలో గ్లూటెను అను మాంసకృత్తుల సముదాయము కలదు. యవలలోను, రై అను ధాన్యములోను దానికి దగ్గర చుట్టములైన మాంసకృత్తులే కలవు. కొందరి దేహతత్త్వము పుట్టుకతోనే ఒక విధముగ ఉండి, ఈ గ్లూటెను కడుపులో పడగానే శరీరమును కాపాడవలసిన రక్షణశక్తియే తిరుగబడి చిన్నప్రేగు లోపలి పొరను దెబ్బతీయును. ఆరోగ్యవంతుని చిన్నప్రేగు లోపలివైపు మొకమలు గుడ్డవలె సన్నని నూగుతో ఉండును. ఆహారసారమును పీల్చుకొనునది ఆ నూగే. వ్యాధి కలవారిలో ఆ నూగు అరిగి చదునగును. అంతట ఎంత తినినను ఒంట పట్టదు. పిల్లలకు విరేచనములు, పొట్ట ఉబ్బుట, ఎదుగుదల నిలిచిపోవుట. పెద్దలకు ఇనుము మాత్రలకు లొంగని రక్తహీనత, ఎముకల బలహీనత మున్నగునవి కలుగును. కొందరిలో కడుపునొప్పియే ఉండదు. అందుచేతనే వ్యాధి ఏండ్ల తరబడి దాగియుండును.

లండను వైద్యుడు శామ్యూల్ గీ 1888లోనే ఈ వ్యాధిని చక్కగ వర్ణించి, ఆహారమును మార్చుటయే దీనికి చికిత్స కావలెనని గ్రహించెను. కాని ఏ ఆహారమును మానవలెనో ఆయనకు తెలియలేదు. అమెరికాలో సిడ్నీ హాస్ అను వైద్యుడు 1924లో అరటిపండ్ల పథ్యమును ప్రకటించెను. పిల్లలు కోలుకొనిరి, కీర్తి అరటిపండునకు దక్కెను. వారు కోలుకొనినది అరటిపండు తినుటచేత కాదు, దానితోబాటు రొట్టె మానుటచేత. ఈ రహస్యమును బయటపెట్టినవాడు హాలండు దేశపు పిల్లల వైద్యుడు విల్లెం డికె. ఆయనకు గోధుమపై ముందునుండియే అనుమానము ఉండెను. రెండవ ప్రపంచయుద్ధపు చివర 1944-45 శీతకాలమున ఆ దేశములో రొట్టె దొరకక ఘోరమైన కరవు వచ్చెను. ఊరంతయు ఆకలితో మాడుచుండగ ఈ పిల్లల వ్యాధి మాత్రము తగ్గుముఖము పట్టెను. మరల రొట్టె రాగానే తిరుగబెట్టెను. ఆయన ఈ విషయమును 1950లో తన పరిశోధన గ్రంథమున నిరూపించెను. దోషము గోధుమలోని గంజిపదార్థమున కాక గ్లూటెనులో ఉన్నదని 1952 నాటికి తేలెను.

నేటికిని దీనికి మందు పథ్యమే. జీవితాంతము ఆ పథ్యమును పాటింపవలెను. పాటించినచో ప్రేగు మరల కోలుకొనును, పిల్ల ఎదుగును. ఇచట ఒక హెచ్చరిక చేయుచున్నాము. అనుమానము కలుగగానే గోధుమ మానివేసి, ఆ తరువాత రక్తపరీక్షకు పోవువారు కలరు. అట్లు చేసినచో వ్యాధి ఉన్నను పరీక్షలో కనబడకపోవచ్చును. పరీక్ష ముగియువరకు మామూలు భోజనమే చేయవలెను. పిమ్మట వైద్యుడు చెప్పినట్లు నడుచుకొనవలెను. ఒకరికి ఉన్నదని తేలినచో తోబుట్టువులకును, తలిదండ్రులకును పరీక్ష చేయించుట మంచిది. పంజాబు, ఢిల్లీ ప్రాంతములలో ఇంచుమించు నూటికొకరికి ఈ వ్యాధి కలదని పరిశీలనలు తెలిపినవి. దక్షిణాదిన చాల తక్కువ. తక్కువ యగుటచేతనే ఇచట దానిని గుర్తించుటలో ఆలస్యమగుచున్నది. ఏ వ్యాధియు లేనివారు మాత్రము ఎవరో మానిరని తామును గోధుమ మానవలసిన పని లేదు. అది మా దృష్టిలో వట్టి వేలంవెర్రి.

ఇక పిండి సంగతి. గోధుమపిండి ముద్దను గిన్నెలో నీళ్ళు పోసి పిసుకుచు, నీరు మార్చుచు కడిగినచో తెల్లని గంజి అంతయు కొట్టుకొనిపోయి, చేతిలో రబ్బరువలె సాగు పదార్థము కొంచెము మిగులును. అదియే గ్లూటెను. ఇటలీలో బొలోన్యా నగరపు పండితుడు బెక్కారి పదునెనిమిదవ శతాబ్దమున ఈ విధముగనే దానిని వేరుచేసెను. బియ్యపుపిండితో ఇట్లు చేసి చూడుడు. చేతిలో ఏమియు మిగులదు. పిండి పులిసినపుడు పుట్టు వాయువును వల పన్ని పట్టుకొనునది ఆ సాగెడు పదార్థమే. అందుచేతనే గోధుమరొట్టె పొంగును. చపాతీ చిరుగక సాగును. వట్టి బియ్యపుపిండితో అట్టి రొట్టె చేయబోయినచో రాయి వలె గట్టిపడును, లేదా పొడిపొడిగ రాలిపోవును.

కనుక గోధుమ మానువారు ఆ వల పని చేయు మరియొక వస్తువును వెదకుకొనవలెను. పాశ్చాత్యులు కోడిగ్రుడ్డును పట్టుకొనిరి. అమెరికాలో సియాటిల్ నగరపు ఫలహారశాలలో పేరుపడిన డచ్ బేబీ అను అట్టు ఓవెనులోనే కాలును. బాగుగ కాగిన ఇనుప పెనములో వెన్న వేసి, గ్రుడ్లు, పాలు, మైదా గిలకొట్టిన పలుచని పిండి పోసి ఓవెనులో పెట్టుదురు. అది బుంగవలె పొంగి, బయటికి తీయగానే కుంగును. పేరులో డచ్ అని ఉన్నను, అది జర్మనుల అట్టునుండి వచ్చినదందురు. గ్రుడ్లు తినువారు మైదాకు బదులు మెత్తని బియ్యపుపిండితో దీనిని చేసికొనవచ్చును. మూడు గ్రుడ్లకు ముప్పాతిక గ్లాసు పాలు, అరగ్లాసు బియ్యపుపిండి, చిటికెడు ఉప్పు. రెండువందల ఇరువది డిగ్రీల వేడిలో ఇరువది నిమిషములకు తయారగును. మైదాతో పొంగినంత పొంగదు. రుచికి లోటు లేదు. అంతకంటె దీనిని గూర్చి చెప్పవలసినది లేదు.

మన పెద్దలు పట్టుకొనినది మినపపప్పు. రుబ్బిన మినపపిండిని వ్రేళ్ళ నడుమ సాగదీసి చూడుడు, జిగురు తెలియును. ఆ జిగురు పప్పులోని ఒక విధమైన పిష్టపదార్థమునుండి వచ్చునది. దానికి తోడు మినుములోని మాంసకృత్తులకు నురగ కట్టు గుణము కలదు. పిండిని పులియబెట్టినపుడు సూక్ష్మజీవులు పుట్టించు వాయువును ఈ నురగయు జిగురును కలిసి చిన్నచిన్న బుడగలుగ నిలిపియుంచును. వేడి తగులగానే బియ్యము ఆ బుడగల చుట్టు గట్టిపడును. ఇడ్లీ మెత్తదనమునకు కారణము ఇదియే, దిబ్బరొట్టెకును ఇదియే. గ్లూటెను పేరెరుగని మన అమ్మమ్మలు గ్లూటెను లేని రొట్టె చేయుటలో ఆరితేరినవారు.

దిబ్బరొట్టెను కొన్ని యెడల మినపరొట్టె యందురు. గోదావరి జిల్లాలలో దీనిపై మక్కువ ఎక్కువ. అచట దీనిని తేనెపానకముతో, అనగా చెరకుపానకముతో తినుదురు. పూర్వము మందపాటి ఇత్తడి గిన్నెలోనో, ఇనుప మూకుడులోనో నూనె ధారాళముగ పోసి, పిండిని దట్టముగ పరచి, సన్ననిసెగపై పెట్టి, మూతమీద నిప్పులు వేసెడివారు. క్రింది సెగ అడుగును ఎఱ్ఱగ కాల్చును; పై నిప్పులు పైభాగమును కాల్చును; నడుమ మాత్రము ఇడ్లీవలె మెత్తగ ఉడుకును. గ్యాసు పొయ్యిలు వచ్చిన పిమ్మట మూతపై నిప్పులు వేయు అవకాశము పోయినది. అందుచేత రొట్టెను తిరుగవేయుట అలవాటయ్యెను. రెండు వ్రేళ్ళ మందపు రొట్టెను విరుగకుండ తిరుగవేయుట ఎంత కష్టమో చేసినవారికి తెలియును. ఓవెనులో ఆ బాధ లేదు.

నలుగురికి నూట యేబది గ్రాముల మినపపప్పు, మూడువందల గ్రాముల బియ్యపు రవ్వ చాలును. ఒక పాలు పప్పునకు రెండు పాళ్ళు రవ్వ యని గుర్తుంచుకొనుడు. రెండున్నర పాళ్ళవరకు పోవచ్చును. అంతకు మించినచో రొట్టె గట్టిపడును. పొట్టుతీసిన గుండు మినపపప్పైనచో జిగురు బాగుగ వచ్చును. పప్పును నాలుగు గంటలు నానబెట్టి, నీరు చిలకరించుచు గట్టిగ, నున్నగ రుబ్బవలెను. గారెలపిండికంటె కొంచెము జారుగ ఉండిన చాలును. మిక్సీలో రుబ్బువారు చల్లని నీరు వాడుట మేలు. పిండి వేడెక్కినచో నురగ తగ్గును. బియ్యపు రవ్వను రెండు మూడు నీళ్ళలో కడిగి, ఒక గంట నాననిచ్చి, పిడికిట నీరు పిండి, రుబ్బిన పిండిలో కలుపవలెను. నీరు పిండకుండ వేయువారి రొట్టె నడుమ ముద్దగ మిగిలిపోవును. తగినంత ఉప్పు, చెంచాడు జీలకఱ్ఱ చేర్పుడు. అల్లము, పచ్చిమిరప ముక్కలు వేసికొనుట వారివారి ఇష్టము. పానకముతో తినదలచినవారు మాత్రము వేయరాదు.

వెంటనే కాల్చువారు కలరు, పులియబెట్టువారు కలరు. రాత్రి కలిపి ఉంచినచో వేసవిలో ఉదయమునకు పులుపెక్కి రుచి చెడును. నాలుగైదు గంటలు పులిసిన పిండియే మా అభిప్రాయమున శ్రేష్ఠము. రాత్రి పరుండబోవుటకు ముందు కలిపి, వేసవియైనచో శీతలపేటికలో పెట్టి, ఉదయము లేవగానే బయటపెట్టవలెను. వంటసోడా అక్కరలేదు.

ఓవెనులో పెట్టుటకు ఇరువది సెంటీమీటర్ల వెడల్పు గల బరువైన ఇనుప మూకుడు కావలెను. కొయ్యపిడియు, ప్లాస్టిక్కు పిడియు ఉండరాదు. మూకుడులో నాలుగు పెద్ద చెంచాల నువ్వులనూనెయో వేరుసెనగనూనెయో పోసి, ఓవెనులోనే ఉంచి, రెండువందల డిగ్రీలవరకు కాగనిండు. ఇచట తొందర పనికిరాదు. చల్లని మూకుడులో పిండి పోసినచో అడుగు అంటుకొనును. ఆ ఎఱ్ఱని పెచ్చు రాదు. పెచ్చు లేని దిబ్బరొట్టె పెద్ద ఇడ్లీయే గాని రొట్టె కాదు. మందపాటి గుడ్డతో మూకుడును బయటికి తీసి పిండి వేయగానే చుయ్యిమని చప్పుడు కావలెను. పిండిని సమముగ సర్ది, పైన చెంచాడు నూనె రాచి, ఇనుప మూతయో, ఓవెను వేడికి ఆగు లోహపు పళ్ళెమో బోర్లించి, రెండువందల డిగ్రీలలోనే ఇరువదియైదు నిమిషములు ఉంచుడు. మూత లేనిచో లోపల ఉడుకకముందే పైన ఎండి బీటలు వారును. పిమ్మట మూత తీసి మరి పదునైదు, ఇరువది నిమిషములు కాల్చినచో పైభాగము బంగారువన్నెకు వచ్చును. సన్నని పుల్ల నడుమ గ్రుచ్చి చూడుడు. తడి అంటకుండ రావలెను. ఓవెనులన్నిటి వేడియు ఒక తీరుగ ఉండదు గనుక మొదటిసారి దగ్గర నిలిచి చూచుకొనుడు. బయటికి తీసిన పిమ్మట పది నిమిషములు ఆగి కోయవలెను. పిల్లలు ఆగరు, వారిని ఆపుట మీ నేర్పు.

రొట్టె ఒక యెత్తు. దానిలోనికి తెలియకుండ గోధుమ రాకుండ చూచుకొనుట రెండెత్తులు. చిటికెడు పిండియైనను ఈ వ్యాధి కలవారికి హాని చేయును. మొదటి దొంగ మరపట్టించు చోటు. గోధుమలు పట్టిన మరలోనే బియ్యము పట్టించినచో గోధుమపిండి దానిలో కలిసి తీరును. రవ్వను ఇంటనే చేసికొనుట క్షేమము. బియ్యమును కడిగి, నీడన ఆరబెట్టి, మిక్సీలో బరకగ ఆడించినచో సరిపోవును. బజారున కొనువారు పొట్లముపై గ్లూటెను రహితమను మాట చూడవలెను. కిలో పదార్థమున ఇరువది మిల్లీగ్రాములకు మించి గ్లూటెను లేనిచో మాత్రమే ఆ మాట వ్రాయుటకు మన దేశపు ఆహార నిబంధనలు అంగీకరించును.

రెండవ దొంగ ఇంగువ. ఇది పెక్కుమందికి తెలియదు. బజారున దొరకు ఇంగువ శుద్ధమైన ఇంగువ కాదు. దాని ఘాటు తగ్గించుటకు పిండి కలుపుదురు. ఆ పిండి చాలసార్లు మైదా. పప్పుపోపులో, చారులో, పచ్చడిలో, ఆవకాయలో ఇంగువ వేయు ఇంటిలో రోగి గోధుమను పేరుపెట్టి మానియు రోజూ తినుచునే యుండును. మందులు ఎన్ని మార్చినను గుణము కనబడనిచో ఇంగువ డబ్బాపై వ్రాసిన దానిని ఒకమారు చదువుడు. బియ్యపుపిండితో కలిపిన ఇంగువయు దొరకును. చపాతీపిండి జల్లించిన జల్లెడ, అప్పడాల పీట, కఱ్ఱ, కేకులు కాల్చిన పాత్ర, వీనిని రొట్టె పనికి వాడరాదు. మూకుడు ఒకటి వేరుగ పెట్టుకొనుడు. ఓవెనులో ఒకే వేళ పై అరలో కేకును, క్రింది అరలో దిబ్బరొట్టెను పెట్టరాదు. పాలలో కలుపుకొను మాల్టు పొడులలో యవలో గోధుమలో ఉండును గనుక, రొట్టెకు తోడుగ పిల్లవానికి ఇచ్చు పానీయమును గూడ చూచుకొనవలెను.

అన్నిటికంటె కఠినమైన ఘట్టము ప్రసాదము. సత్యనారాయణ వ్రతమునాడు ఇంటినిండ బంధువులు ఉండగ, గోధుమరవ్వ ప్రసాదము వలదనుటకు ఏ తల్లికి మనసు వచ్చును? అన్నవరపు ప్రసాదము సయితము గోధుమనూకతో చేసినదే. వ్రతకథలోనే గోధుమ దొరకనిచో బియ్యపుపిండి వాడవచ్చునని ఉన్నది. అది దొరకని చోటికే గాక పడని చోటికిని చెల్లునని మేము తలంతుము. బియ్యపు రవ్వను నేతిలో వేయించి, పంచదారయో బెల్లమో చేర్చి ప్రసాదము చేసికొను ఇంట పిల్లవాడు అందరితోబాటు చేయి చాపగలడు.

బియ్యమునకు బదులు కొఱ్ఱల రవ్వతోను, జొన్నరవ్వతోను దిబ్బరొట్టె చేయుదురు. జొన్నలు, సజ్జలు, రాగులు, కొఱ్ఱలు, వీనిలో గ్లూటెను లేదు. బియ్యములో లేని పీచును ఇనుమును కొంత ఇచ్చును గనుక రక్తహీనత కలవారికి మేలు. 2023వ సంవత్సరమును ఐక్యరాజ్యసమితి చిరుధాన్యముల సంవత్సరముగ జరిపిన నాటినుండి ఇవి పట్టణములలో తేలికగ దొరకుచున్నవి. కొఱ్ఱల రవ్వ బియ్యపు రవ్వకంటె ఎక్కువసేపు నానవలెను. రెండు గంటలు చాలును. జొన్నరవ్వైనచో పప్పు పాలు కొంచెము పెంచుడు. తెలంగాణమున సర్వపిండి యనియు, గిన్నప్ప యనియు పిలుచు వంటకము ఈ కుటుంబమునకు చెందినదే. బియ్యపుపిండిలో నానిన సెనగపప్పు, నువ్వులు, పల్లీలు, కారము కలిపి, గిన్నె లోపలి అంచులకు అద్ది, అచటచట రంధ్రములు చేసి, నూనె చుక్కలు వేసి కాల్చుదురు. దానిలో పొంగవలసినది లేదు గనుక జిగురుతోను పని లేదు. పళ్ళెములో పలుచగ అద్ది ఓవెనులో కాల్చినను కరకరలాడును.

మిగిలిన దిబ్బరొట్టె సాయంకాలమువరకు చెడదు. మరునాటికి ఉంచదలచినచో శీతలపేటికలో పెట్టి, ముక్కలుగ కోసి, పెనముపై నూనెచుక్కతో వెచ్చచేయుడు. కోసిన అంచులు గూడ ఎఱ్ఱబడి క్రొత్త రుచి వచ్చును. బడి డబ్బాలో పెట్టుటకు దీనికంటె అనువైనది లేదు. పిల్లలు బడిలో పలహారములు మార్చుకొనుట మనకందరకు తెలిసినదే. ఆ మార్పిడిలో చపాతీముక్క చేతికి వచ్చును గనుక పంతులమ్మగారికి ముందుగ ఒకమాట చెప్పి ఉంచుడు. డబ్బాలో రొట్టెముక్కలు మాత్రము రెండు ఎక్కువ పెట్టుడు, తోటిపిల్లలు అడుగకమానరు.